గుడి తలుపునకు రెండు గడియలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



మతమునకును ప్రజాస్వామ్యమునకును గల సంబంధమును గూర్చి యోచించువారు సాధారణముగా రెండు పక్షములుగా చీలుచుందురు. మతము ఎవరి ఇంటి వ్యవహారము వారిది, రాజ్యము దాని జోలికి పోరాదని ఒకరందురు. మతమే ధర్మమునకు మూలము, రాజ్యము దానికి లోబడి నడువవలెనని వేరొకరందురు. రెండు మాటలలోను కొంత నిజమున్నది, రెండును చాలవు. ఏల చాలవో తెలియుటకు దూరదేశముల చరిత్ర అక్కఱలేదు. నెల్లూరి మూలాపేటలోని వేణుగోపాలస్వామి గుడి తలుపు కథ చాలును.

దానికి ముందు అంతకంటె పాత కథ యొకటి కలదు. పదుమూడవ శతాబ్దమున ఈ పెన్నాతీరముననే, మనుమసిద్ధి కొలువులో మంత్రియైన తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు పదునైదు పర్వముల భారతమును తెనిగించి హరిహరనాథునకు అంకితమిచ్చెను. శైవ వైష్ణవ వైరము ప్రబలియున్న కాలమున హరియు హరుడును ఒక్కటియే యని చాటుట చిన్నమాట కాదు. అయితే ఆ సంధి దేవుళ్ల నడుమ కుదిరినది. గుడి వెలుపల నిలిచిన భక్తుని మాట అందులో లేదు. దేవతలయందు భేదము లేదనుట మొదటి మెట్టు. భక్తులయందు భేదము లేదనుట రెండవ మెట్టు. ఈ రెండు మెట్ల నడుమ ఏడువందల యేండ్లు గడచినవి.

ఆ రెండవ మెట్టునకై పాటుపడినవారిలో పొట్టి శ్రీరాములు గారు ఒకరు. 1952లో ఆంధ్రరాష్ట్రము కొఱకు ప్రాణము విడిచిన త్యాగిగా వారిని ఎల్లవారు నెఱుగుదురు. 2008 నుండి జిల్లా పేరులోనే వారి పేరున్నది. అంతకు మునుపు, 1946 - 1948 సంవత్సరముల నడుమ, నాడు హరిజనులని పిలువబడిన దళితుల హక్కులకై వారు పలుమాఱు నిరశనము పూనిరనియు, మూలాపేట గుడిలో వారికి ప్రవేశము కావలెనని ఉపవసించిరనియు నెఱిగినవారు తక్కువ. తుదకు ఆ ప్రవేశము లభించినది.

ఇందొక విశేషమున్నది. ఉపవాసము ఏకాదశికి, శివరాత్రికి భక్తులు పూను నియమము. శ్రీరాములు గారు ఆ నియమముతో కోరినది సమానత్వము. వారు గుడిని కాదనలేదు, గుడిలోని దేవుని కాదనలేదు. తలుపు మూసినవారి మనస్సాక్షిని, వారు నమ్మిన ఆచారముతోనే తట్టిరి.

ఆ కాలముననే, 1947లో, మదరాసు శాసనసభ దేవాలయ ప్రవేశ చట్టమును చేసెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దు చేసెను. 25వ అధికరణమున ప్రతివ్యక్తికి మతస్వేచ్ఛ నిచ్చి, సార్వజనికమైన హిందూ దేవాలయములను అన్ని తరగతుల హిందువులకును తెఱపించు అధికారమును రాజ్యమునకు ఒసగెను. 26వ అధికరణమున ప్రతి మతశాఖకును తన మతవ్యవహారములను తానే నడుపుకొను హక్కు నిచ్చెను.

ఈ రెండు హక్కులును ఢీకొన్నచో గతి యేమి? అట్టి వ్యాజ్యమే వచ్చినది. నాటి మదరాసు రాష్ట్రమందలి దక్షిణ కన్నడ జిల్లా ముల్కిలో గౌడ సారస్వత బ్రాహ్మణుల వేంకటరమణస్వామి గుడి కలదు. అది తమ శాఖ గుడి గనుక 1947 నాటి చట్టము తమకు వర్తింపదని ధర్మకర్తలు వాదించిరి. 1957లో సుప్రీంకోర్టు అది ఆ శాఖ గుడియే యని ఒప్పుకొనెను. అయినను తలుపు అందఱికిని తెఱువవలసినదే యనియు, కొన్ని ప్రత్యేక సేవలు మాత్రము శాఖవారు తమకే ఉంచుకొనవచ్చుననియు తీర్పు చెప్పెను. త్రాసులోని రెండు తట్టలను చూచి చెప్పిన తీర్పు అది.

ప్రజాస్వామ్యమనగా ఎక్కువమంది మాట నెగ్గుట గదా, ఊరిలో ఎక్కువమంది వలదన్నచో నేమి చేయవలెనని కొందఱు శంకింతురు. చెఱువు పూడిక ముందా, బాట ముందా యనునది చేతులెత్తి తేల్చవచ్చును. ఒక మనిషి దేవుని ముందర నిలుచుటకు తగునా తగడా యనునది చేతులెత్తి తేల్చునది కాదు. ఈ న్యాయము ప్రభుత్వమునకును వర్తించును. ఎంత ఆధిక్యముతో గెలిచిన ప్రభుత్వమైనను, ఎవరు ఏ దేవుని కొలువవలెనో, అసలు కొలువవలెనో లేదో శాసింపరాదు.

కావున గుడి తలుపునకు రెండు గడియలు కలవు. వెలుపలి గడియను చట్టము తీయును. లోపలి గడియ చట్టమునకు అందదు. పోలీసును కాపుంచి ఒకనిని ధ్వజస్తంభము దాటింపవచ్చును. ప్రక్కవాడు ఉత్తరీయము ముడుచుకొని దూరము జరిగినచో ఆ జరుగుటను ఏ చట్టమును ఆపలేదు. అచ్చట పనిచేయవలసినది మతమే.

స్వామి నైవేద్యమునకు కొలిచిన వడ్లు ఎన్ని పుట్లో లెక్కలో నుండును. ఎవరు నాటిరో, ఎవరు కోసిరో ఉండదు. మాన్యపు చేను దమ్ముచేసిన చేతులు, నాటిన చేతులు, నూర్చిన చేతులు, వాని చెమట ఫలమే స్వామి పళ్లెములోనికి చేరుచున్నది. అన్నము చేరినచోటికి అన్నము పండించినవాడు చేరరాదనుట ఏ లెక్కకును పొసగదు.

ఈ గ్రంథాలయపు చందాదారుల పుస్తకములో ఇరువదియైదేండ్లుగా మనిషి పేరు, గ్రంథము పేరు, తేదీ వ్రాయుచున్నారు. కులమునకు గడి లేదు. ఒకరు చదివి తిరిగి యిచ్చిన భారతమునే మఱియొకరు తీసికొని పోవుచున్నారు. ఇందువలన భారతమునకు మైల సోకలేదు.

లోపలి గడియ తీసినదో లేదో తెలిసికొను పరీక్ష సులభము. ఉత్సవమునాడు స్వామి పల్లకి ఏ వీధి మలుపున వెనుదిరుగునో చూడవలెను. పల్లకి వెనుదిరిగిన ఆ మలుపుననే గడియ ఇంకను బిగిసియున్నది. రాబోవు ఉత్సవమునకు పల్లకి త్రోవను నిర్ణయించు పెద్దలు ఈ సంగతిని ఆలోచింతురు గాక.