గుంటూరు గ్రహణం – సృష్టి తొలి నిమిషాలు



గుంటూరు పేరు చెప్పగానే మీకు మన వెంబ్లీలో, ఈలింగ్ రోడ్డు దుకాణాల్లో అమ్మే ఎండుమిరపకాయలు గుర్తుకు వస్తాయి. ఆ ఊరికీ, ఈ లండను నగరానికీ మరొక సంబంధం ఉంది. అది కారం సంగతి కాదు, సృష్టి సంగతి.

1868 ఆగస్టు 18న తెలుగు సీమ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. వర్ణపటదర్శినితో చూస్తే, సూర్యుని అంచున ఎగసే మంటల వెలుగులో ఒక పసుపు గీత కనిపించింది. ప్రతి మూలకానికీ తనవైన గీతలుంటాయి, మన వేలిముద్రల్లాగా. ఈ గీత సోడియానిదే అయి ఉంటుందని చాలామంది అనుకున్నారు.

ఆ అక్టోబరులో లండనులో లాకియర్ గ్రహణం లేకుండానే సూర్యుణ్ణి పరిశీలించి, ఆ గీత సోడియం గీతల చోట లేదని చూపాడు. భూమి మీద ఎరుగని మూలకమేదో సూర్యునిలో ఉందన్నాడు. దానికి హీలియం అని పేరు వచ్చింది. గ్రీకు భాషలో హీలియోస్ అంటే సూర్యుడు. చేతికి చిక్కని వస్తువును నమ్మేదెలా? చాలామంది ఒప్పుకోలేదు. 27 ఏళ్ళు గడిచాయి. 1895లో ఇదే లండనులో, యూనివర్సిటీ కాలేజీలో, రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి వాయువు తీసి చూస్తే, అదే పసుపు గీత!

సూర్యుడు సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తున్నాడు. అయినా విశ్వంలోని మామూలు పదార్థం బరువులో నాలుగో వంతు హీలియమే. నక్షత్రాలన్నీ కలిసినా అంత తయారు చేయలేవు. మరి ఎక్కడిది?

సుమారు 1380 కోట్ల ఏళ్ళ క్రితం విశ్వమంతా మహావేడి. వెలుగు కణాలు ఢీకొని పదార్థంగా, దానికి జంటగా ప్రతిపదార్థంగా మారేవి. ఆ రెండూ కలిస్తే మళ్ళీ వెలుగే. శక్తీ పదార్థమూ ఒకటేనని 1905లో ఐన్‌స్టైన్ చెప్పిన మాటకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు. జంటలన్నీ అలా హరించుకుపోతే మనమెవరమూ ఉండేవాళ్ళం కాము. నూరు కోట్ల జంటలకు సుమారు ఒక్క కణం చొప్పున పదార్థం మిగిలింది. ఎందుకు మిగిలిందో శాస్త్రజ్ఞులకు ఇంకా తేలలేదు.

అలా మిగిలిన ప్రోటాన్లు, న్యూట్రాన్లు కొద్ది నిమిషాల్లో కలిసి హీలియం కేంద్రకాలయ్యాయి. విశ్వం వ్యాకోచించి చల్లబడేసరికి ఆ వంట ఆగిపోయింది. పొయ్యి ఆరితే అన్నం ఉడకదు గదా! మిగతా ప్రోటాన్లు హైడ్రోజన్ కేంద్రకాలుగానే ఉండిపోయాయి. కర్బనం, ప్రాణవాయువు, ఇనుము తరువాత నక్షత్రాల్లో తయారయ్యాయి.

అన్నట్టు, పుట్టినరోజు బుడగల్లోని హీలియం ఆ తొలి నిమిషాలది కాదు. భూమిలోని యురేనియం, థోరియం నెమ్మదిగా క్షీణిస్తూ విడిచినది. తొలినాటి సరుకు కావాలంటే మీ గ్లాసులోని మంచినీళ్ళు చూడండి. అందులోని హైడ్రోజన్ కేంద్రకాలు అప్పటివే.