అధిభౌతికం: ఒక మాట, రెండు అర్థాలు

ఉనికి అంటే ఏమిటి? ప్రతిదానికీ కారణం ఉంటుందా? ఆత్మ ఉందా? కంటికీ కొలతకూ అందని ఇలాంటి ప్రశ్నల్ని విచారించే తత్వశాస్త్ర శాఖే అధిభౌతిక శాస్త్రం. దానికి పునాది గ్రంథం అరిస్టాటిల్‌ది.

ప్రపంచాన్ని నిరంతరం మారే పదార్థంగా చూసే గతితార్కిక భౌతికవాదులు మాత్రం ఈ మాటను ఒక ఆలోచనా పద్ధతికి వాడారు. వస్తువుల్ని దేనికది విడిగా, మార్పులేనివిగా చూడటమే ఆ పద్ధతి. ఆ పద్ధతిపై తత్వవేత్త హెగెల్ నుంచి అందుకున్న విమర్శను, ఈ భౌతికవాదుల్లో ఒకడైన ఎంగెల్స్ 1878లో పుస్తకంగా వచ్చిన ‘యాంటీ డ్యూరింగ్’లో వివరించాడు.

ఈ పద్ధతి ఎలా ఉంటుందో తెలియడానికి జీవజాతుల్నే తీసుకోండి. 18వ శతాబ్దంలో శాస్త్రవేత్త లిన్నేయస్ వాటిని వర్గీకరించాడు. అవి సృష్ట్యాది నుంచీ అలాగే ఉన్నాయని అప్పట్లో చాలామంది నమ్మకం. జాతులు మారుతూ వచ్చాయని 1859లో డార్విన్ ఆధారాలతో చూపాడు.

అలాగని ఎంగెల్స్ పాత పద్ధతిని కొట్టిపారేయలేదు. విడదీసి పరిశీలించడం వల్లే ప్రకృతి విజ్ఞానం ఎదిగిందని ఒప్పుకున్నాడు. విడదీసినదాన్ని మళ్లీ కలిపి, కదలికలో చూడకపోవడమే లోపమన్నాడు. 18వ శతాబ్దపు ఫ్రెంచి భౌతికవాదుల్లోనూ ఆ లోపమే ఎత్తిచూపాడు. అంటే, ఈ అర్థంలో దేవుణ్ణి నమ్మని భౌతికవాదుల ఆలోచన కూడా అధిభౌతికం కావచ్చు.