ఒక రాజు – ఆ రాజు
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రులనుద్దేశించి ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



గత సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన పిమ్మట ఒక తండ్రిగారు, ఏడవ తరగతి చదువుచున్న తమ కుమారుని ఇంగ్లీషు జవాబు పత్రముతో నా గదికి వచ్చిరి. పత్రమునిండ ఎఱ్ఱసిరా గుర్తులు. “అయ్యా, తెలుగు బడిలో చేర్చినందుకు ఫలితమిది. టి.సి. ఇప్పించండి” అనిరి. నేను వారిని కూర్చుండబెట్టి తప్పులు లెక్కించితిని. మొత్తము 11. అందులో 8 ఒకే తెగకు చెందినవి. ‘ఎ’, ‘ఆన్’, ‘ది’ అను చిన్న మాటలు ఉండవలసినచోట లేవు, ఉండరానిచోట ఉన్నవి. ఆ యెనిమిది తప్పులను గూర్చియే నేడు మీతో మాటాడదలచితిని.

ఈ తప్పులకు కారణము బాలుని మందబుద్ధి కాదు. తెలుగు మాధ్యమమును కాదు. తెలుగున ఇట్టి మాటలు తప్పనిసరి కావు. మనము తరతరములుగా స్థిరపడిన ఈ తమిళనాటి భాషయందును కావు. సంస్కృతము, లాటిను, రష్యను భాషలయందు ఇవి అసలే లేవు. కనుకనే ఇంగ్లీషు మాధ్యమమున చదువు పొరుగింటి తమిళ బాలుడును ఇవే తప్పులు చేయుచున్నాడు.

అయినను ఇందలి భావము మనకు క్రొత్తది కాదు. అవ్వ కథ చెప్పునపుడు “అనగా అనగా ఒక రాజు. ఆ రాజునకు ముగ్గురు కూతుండ్రు” అనును. రెండవమారును “ఒక రాజు” అన్నచో, ఒడిలోని పసివాడు “ఇతడు ఇంకొక రాజా?” అని అడుగును. మొదట వినువానికి తెలియని రాజు. పిదప తెలిసిన రాజు. ఇంగ్లీషున ‘ఎ కింగ్’, ‘ది కింగ్’ అనుట ఇదియే. ‘ఎ’ అనునది ఆ భాషలో ‘ఒకటి’ అను మాటనుండియు, ‘ది’ అనునది ‘ఆ’ అను అర్థముగల మాటనుండియు పుట్టినవి.

భేదమొక్కటే. “బల్లమీద పుస్తకమున్నది” అని మనము ఊరకుందుము. ఏ పుస్తకమో వినువాడు గ్రహించుకొనును. ఇంగ్లీషు అట్లు ఊరకుండనీయదు. లెక్కింపదగిన వస్తువు ఒక్కటియే అయినపుడు సామాన్యముగా దాని పేరు ఒంటరిగా నిలువరాదు. ‘ఎ’ గాని, ‘ది’ గాని, ‘మై’, ‘దిస్’, ‘ఎవ్రీ’ వంటి మాట గాని ముందుండవలెను.

లెక్కింపరాని వాటికి ‘ఎ’ చేరదు. ఇచ్చటనే మన పిల్లలు తడబడుదురు. తెలుగున నీళ్లు, పాలు బహువచనములు. ఇంగ్లీషున ‘వాటర్’, ‘మిల్క్’ లెక్కకు రానివి. అందుచే మనవారు ‘మెనీ వాటర్స్’ అని వ్రాయుదురు. ‘మచ్ వాటర్’ అనవలెను. మనము రెండు సలహాలిత్తుము; వారి ‘అడ్వైస్’ లెక్కకు రాదు.

ఇక ‘ఎ’, ‘ఆన్’ల విషయమున మన అక్షరమాలయే గురువు. ఇంగ్లీషు అక్షరములను మాత్రమే చూచువాడు మోసపోవును. ఆ మాటను తెలుగున వ్రాసి చూడుడు. ‘అవర్’ అచ్చుతో మొదలగుచున్నది; ‘ఆన్ అవర్’. ‘యూనివర్సిటీ’ హల్లుతో మొదలగుచున్నది, ‘ఎ యూనివర్సిటీ’. ‘ఎగ్’ను ‘యెగ్గు’ అనియు, ‘ఆపిల్’ను ‘యాపిల్’ అనియు పలుకు అలవాటు మాత్రము ఇచ్చట చెఱుపు చేయును; దానిని దిద్దవలెను.

ఇంగ్లీషు రాని తల్లియు బిడ్డకు సాయపడవచ్చును. బిడ్డ వాక్యము వ్రాసినపుడు ప్రతి వస్తువును గూర్చి మూడు ప్రశ్నలడుగుడు. లెక్కింపదగినదా? ఒకటా, పెక్కులా? వినువానికి ముందే తెలిసినదా? ‘గో టు స్కూల్’, ‘ఎట్ హోమ్’ వంటి కొన్ని వాడుకలు ఈ ప్రశ్నలకు లొంగవు. అవి చదువగా చదువగా వచ్చును. ఆ భారము మాది.

ఆ తండ్రిగారు టి.సి. తీసికొనలేదు. ఈ సంవత్సరపు పరీక్షలో ఆ బాలుని పత్రమున అట్టి తప్పులు 3 మిగిలినవి. అవియు పూర్తిగా పోవునని నేను మాట యీయజాలను. బడి మార్చినంత మాత్రమున ఆ యెనిమిది తప్పులు తగ్గియుండెడివి కావు; తెలుగు మాత్రము పోయియుండెడిది. ఈ రాత్రి ఇంటికి వెళ్లి మీ బిడ్డలకొక కథ చెప్పుడని వేడుచు సెలవు తీసికొనుచున్నాను.