పొత్తిగుడ్డల శుభ్రత



పసిబిడ్డ ఉన్న ఇంట నీటి వాడుక మిక్కిలి పెరుగును. తొలి మాసములలో బిడ్డ రేయింబవళ్లు కలిసి పదిసార్లకు పైగా గుడ్డలు తడుపుట సహజము. ఏటికి సుమారు 700 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను కర్నూలు, కడప సీమలలో, వేసవి దినములందు బిందెడు నీటికై కాచుకొను తల్లికి ఈ గుడ్డలు ఉతుకుట చిన్న పని కాదు. అందుచేత "తడిసినదే కదా, ఆరవేసిన చాలును" అని ఉతకకయే మరల వాడుట కొన్ని ఇండ్ల కలదు. దాని ఫలము అనుభవించునది బిడ్డయే.

మూత్రములోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మార్చును. ఆ ఘాటు లేత చర్మమును మండించి ఎఱ్ఱబరచును. పసిబిడ్డ మలము నిర్దోషమని తలచుట మరియొక పొరపాటు. అతిసారమును కలిగించు క్రిములు దానియందును ఉండవచ్చును. కావున నీరు కొలదిగా ఉన్నపుడు తగ్గింపవలసినది శుభ్రత కాదు; నేర్వవలసినది నీటిని వరుసగా వాడుకొను పద్ధతి.

మలము అంటిన గుడ్డలను, మూత్రముతో తడిసిన గుడ్డలను వేరువేరుగా ఉంచవలెను. మలమును ముందుగా మరుగుదొడ్డిలో విదిల్చి, గుడ్డను చన్నీట జాడింపవలెను. వేడినీరు తొలుతనే పోసినచో మరక గట్టిపడును. నీరు మరునాడుగాని రాదన్నచో, తడిగుడ్డలను కుప్పవేయక, చెంబెడు నీటితో జాడించి గాలికి పరచవలెను. నానవేసిన బకెట్టుకు గట్టి మూతయుండి, అది బిడ్డకు అందని చోట ఉండవలెను. పారాడు బిడ్డకు బకెట్టులోని జానెడు నీరైనను ప్రాణాపాయమే.

బేతంచెర్ల నాపరాళ్లను, కడప బండలను మనకిచ్చినది సున్నపురాతి నేల. అట్టి నేలలోని బోరునీట సబ్బు నురుగు కట్టక తెల్లని తెట్టుగా తేలును. ఆ తెట్టు పట్టిన గుడ్డ గరుకెక్కును. బకెట్టు నీటిలో చెంచాడు చాకలి సోడా ముందుగా కలిపినచో సబ్బు బాగుగా పనిచేయును. పిదప రెండు మార్లు మంచినీట జాడింపవలెను. గుడ్డలో మిగిలిన సోడాయు, సబ్బుయు చర్మమును బాధించును. నీరు ఆదా కావలెనన్నచో, నేటి చివరి జాడింపు నీటిని రేపటి తొలి జాడింపునకు దాచుకొనవచ్చును. తొలి మురికినీటిని మాత్రము బోరు చెంతగాని, పచ్చిగా తిను ఆకుకూరల మళ్లలోగాని పోయరాదు. విరేచనములు పట్టిన బిడ్డ గుడ్డలను ప్రత్యేకముగా ఉతికి, వంటకు వాడని పాత్రలో పది నిమిషములు మరగబెట్టవలెను. ప్రతిసారియు చేతులు సబ్బుతో కడుగుకొనుట మరువరాదు.

మన సీమలో నీటికి కరవేగాని ఎండకు కొదవలేదు. ఎండ గుడ్డలోని తేమను పోగొట్టి క్రిములను తగ్గించును. అయితే కంపమీద ఆరవేయరాదు. విరిగిన ముల్లు మడతలో నిలిచిపోవును. త్రాటిపై ఆరవేసి, దుమ్ము దులిపి, పూర్తిగా ఎండిన పిదపనే మడువవలెను.

ఇక దాచుట. పెద్దబిడ్డ గుడ్డలను తరువాతి కాన్పునకై పెట్టెలో ఉంచునపుడు, పురుగు పట్టకుండ కలరా ఉండలు వేయుదురు. ఇది బహు ప్రమాదకరము. జన్మతః రక్తములో జీ-6-పీడీ అను ఎంజైము లోపించిన శిశువులకు ఆ ఉండల ఆవిరి సోకినను ఎఱ్ఱకణములు చితికి, తీవ్రమైన కామెర్లు కలుగవచ్చును. గ్రీసు దేశపు వైద్యులు 1963లోనే ఇట్టి శిశువులను గూర్చి ప్రకటించిరి. లోపమున్నదో లేదో బిడ్డను చూచి ఎరుగలేము. కావున బిడ్డ గుడ్డల పెట్టెలో ఆ ఉండలను ఉంచనే రాదు. ఎండిన వేపాకును చిన్న మూటగా కట్టి ఉంచుట మన పాత అలవాటు, అది చాలును. వాడుకకు ముందు గుడ్డలను మరల ఉతికి ఎండనిడవలెను.

మడిచిన గుడ్డను ఒకమారు మీ చెంపకు ఆనించి చూడుడు. అది మెత్తగా, పొడిగా, వాసన లేకుండ ఉన్నచో బిడ్డకు తగినది. కొలదినీటితో ఈ మాత్రము సాధించిన తల్లి, బిడ్డకు సుఖనిద్రను, తనకు నిశ్చింతను సంపాదించుకొన్నదే అగును.