ఓటు వేశాక మన పని అయిపోయిందా?

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎమ్మెల్యేను, ఎంపీని మనం ప్రజాప్రతినిధి అంటాం. ప్రతినిధి అంటే ఎవరని మాత్రం అడగం. పత్రికల్లో పనిచేసే మేం కూడా రోజుకు పదిసార్లు ఆ మాట రాస్తాం, ఆగి ఆలోచించం. ఆ ఒక్క మాట మీద ఏళ్ల తరబడి ఆలోచించిన రాజనీతి శాస్త్రవేత్త హన్నా పిట్కిన్.

ఆమె 1931లో బెర్లిన్‌లో పుట్టారు. తండ్రి ఒట్టో ఫెనిచెల్ పేరున్న మనోవిశ్లేషకుడు. యూదుల కుటుంబం. హిట్లర్ గద్దెనెక్కాక దేశం విడిచి, చివరకు 1938లో అమెరికా చేరింది. నాయకుడే జాతి అని జనంతో జేజేలు కొట్టించిన దేశం నుంచి వచ్చిన ఆ బిడ్డ, పెద్దయ్యాక ప్రాతినిధ్యాన్నే పరిశోధనాంశంగా తీసుకున్నారు. 1961లో బర్కిలీలో డాక్టరేట్ పొంది, తర్వాత అక్కడే ఏళ్లపాటు పాఠాలు చెప్పారు.

1967లో ఆమె పుస్తకం 'ద కాన్సెప్ట్ ఆఫ్ రిప్రజెంటేషన్' వచ్చింది. అందులో ఒక్కో వాదాన్ని తీసుకుని గీటురాయి మీద పెట్టారు. జనం అధికారం ఇచ్చారు కాబట్టి ప్రతినిధే అనేది ఒక వాదం. మరి ఇచ్చాక అతడు ఏం చేసినా చెల్లుతుందా? మనలాంటివాడు, మనలో ఒకడు కాబట్టి ప్రతినిధి అనేది ఇంకొకటి. సభలో అన్ని వర్గాల వాళ్లు ఉండాల్సిందే, అది న్యాయం. కానీ మనవాడు అక్కడ కూర్చుంటే సరిపోదు, కూర్చుని ఏం చేశాడన్నది అసలు లెక్క. జెండాలాగా నాయకుడు జాతికి గుర్తు అనేది మూడోది. గుర్తును చూసి జనం పరవశిస్తారు, దాన్ని నిలదీయలేరు. ఫాసిస్టులు వాడుకున్నది దీన్నే.

ఆఖరికి ఆమె తేల్చింది ఇది: జనం మేలు కోసం, జనం మాటకు స్పందిస్తూ పనిచేసేవాడే ప్రతినిధి.

ఇక్కడ పాత తగాదా ఒకటుంది. 1774లో బ్రిస్టల్ ఓటర్లతో ఎడ్మండ్ బర్క్ ఏమన్నాడు? నా శ్రమే కాదు, నా వివేకమూ మీదే, మీ ఆజ్ఞలకు మాత్రం కట్టుబడను అన్నాడు. 1780 నాటికి ఆ ఊళ్లో ఆదరణ పోయి పోటీ నుంచి తప్పుకున్నాడు. పిట్కిన్ రెండు పక్షాలకూ హద్దు గీశారు. ప్రతినిధి జనం చేతిలో కీలుబొమ్మ కానక్కర్లేదు. కానీ జనం ఇష్టానికి ఎప్పుడూ ఎదురు నడవకూడదు. తప్పనిసరై నడిస్తే ఎందుకో వాళ్లకు జవాబు చెప్పుకోవాలి.

ఈ తగాదా మనకు కొత్తది కాదు. 2010లో తెలంగాణ ఎమ్మెల్యేలు రాజీనామా చేసి మళ్లీ ప్రజల ముందుకు వచ్చినప్పుడు, 12 స్థానాల ఉప ఎన్నికల్లో తీర్పు చెప్పింది ప్రజలే. నీ పదవి పెద్దదా, మా మాట పెద్దదా అని ఊరూరా అడిగాం. రాష్ట్రం 2014లో వచ్చింది. అడగాల్సిన అవసరం మాత్రం తీరిపోలేదు.

ఎందుకంటే పిట్కిన్ కథలో చివరి మలుపు అదే. ప్రాతినిధ్యంపై చేసిన కృషికి 2003లో స్వీడన్‌లోని ఉప్‌సలా విశ్వవిద్యాలయం యోహాన్ స్కిట్టే బహుమతి ఇచ్చింది. ఆ సందర్భంగా చేసి, 2004లో అచ్చయిన ప్రసంగంలో ఆమె తనను తాను పొగుడుకోలేదు. ప్రాతినిధ్యమంటే ప్రజాస్వామ్యమే అనుకున్న తొలినాళ్ల నమ్మకాన్ని పక్కనబెట్టారు. ప్రాతినిధ్యం ప్రజాస్వామ్యానికి సేవ చేయాల్సింది పోయి దాని స్థానాన్నే ఆక్రమించిందన్నారు. ప్రైవేటు కంపెనీల బలం, సంపద, బుర్రలను మలిచే ప్రచార సాధనాలు జనాన్ని ప్రేక్షకులను చేశాయన్నారు. ఆ మూడోదానిలో మా పత్రికల వాటా కూడా ఉంది.

దీనికి మందు? పౌరులు తమ ఊళ్లో, తమ సమస్య మీద, తామే కూడి పనిచేయడం. అలా తయారైన జనం వెనక ఉంటేనే సభలో ప్రతినిధి నికరంగా నిలబడతాడు.

పిట్కిన్ 2023లో 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆమె పుస్తకం చదవండి. చదివిన రోజే మీ ఎమ్మెల్యే దగ్గరికి పోయి ఒక్క ప్రశ్న వేయండి: మొన్న సభలో ఏం మాట్లాడినవు, ఎవరి కోసం మాట్లాడినవు?