అవ్వకు బాకీపడ్డ కాగితం

ఈ స్నాతకోత్సవంలో పతకాలు వచ్చినవాళ్లకు అభినందనలు. రానివాళ్లకూ అభినందనలే, నాకూ రాలేదు.

మెడిసిన్ మూడో ఏడులో రక్తహీనత సర్వే కోసం పలమనేరు పక్క ఒక పల్లెకు పోయాను. 120 మంది రక్తం తీశాం. పట్టికలు గీసి, పేపరు చదివి, చప్పట్లు కొట్టించుకున్నాను. ఏడాది తర్వాత వేరే పనిమీద అదే ఊరికి పోతే ఒక అవ్వ గుర్తుపట్టింది. "ఏం నాయనా, పోయిన తూరి రగతం తీసుకోని పోతివే, నాకేముందో చెప్పనే లేదే?" అంది. హాస్టలుకొచ్చి పట్టిక చూస్తే ఆమె హిమోగ్లోబిన్ 6. సగటు కట్టడానికి ఆ అంకె నాకు బాగానే అక్కరకొచ్చింది. ఆమె మాత్రం ఏడాదిగా ఆయాసపడుతూనే చేలో కలుపు తీస్తా ఉంది. మరుసటి వారం ఐరన్ మాత్రలు తీసుకుని పోయాను. తిట్టింది, తర్వాత మజ్జిగ ఇచ్చింది.

అప్పటినుంచి రక్తమిచ్చినవాళ్లకు ఫలితం తిరిగి చెప్పాలన్నదే నా పిచ్చి.

పలమనేరు ఉన్న ఆ పాత చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియం ఉండేది. దేశంలో బీసీజీ టీకా పని 1948లో మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. అక్కడి డాక్టర్ యోహానెస్ ఫ్రిమోట్ మోలర్ 1950 నుంచి 1955 దాకా చుట్టుపక్కల పల్లెల్లో క్షయ మీద అధ్యయనం చేశారు. ఆ పరిశోధనను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పత్రికలో అచ్చేసింది. నాకు నచ్చేది వేరే సంగతి: లెక్క రాసుకున్న చేతుల వెనకే ఆసుపత్రి ఉండింది.

మరి మీరో? సర్వే అంటే లింకు వాట్సాప్‌లో పడేయడం! అవ్వకు లింకేంది నాయనా? నిన్న రాత్రి గెస్ట్‌హౌసులో మీ ప్రాజెక్టు రిపోర్టులు తిరగేశాను. కృతజ్ఞతల పేజీలో గైడున్నారు, అమ్మానాన్నలున్నారు, ఒకమ్మాయి పిల్లి కూడా ఉంది. జవాబులో రక్తమో ఇచ్చినవాళ్లు మాత్రం లేరు. కొండకు పోయొచ్చి లడ్డు పంచకపోతే పక్కింటివాళ్లు ఊరుకుంటారా? ఊరంతా సూదులు గుచ్చి వచ్చి కాగితం ముక్కైనా ఇవ్వనివాణ్ణి మాత్రం ఎవరూ అడగరు.

మీలో కొందరు మళ్లీ నీట్ రాస్తారు, కొందరు పరిశోధనకు పోతారు. పోండి, మంచిదే. గౌన్లు తిరిగిచ్చేశాక మాత్రం మీ పట్టికల్లో ఊళ్ల పేర్లు ఒకసారి చూసుకోండి. పలమనేరుకు పొద్దున్నే బస్సులున్నాయి.