రంగునాడాలు - రూపుపటములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



వ్యాసభారత విరాటపర్వమున ఒక చిన్న ముచ్చట కలదు. కౌరవులు గోవులను పట్టుకొనిపోగా ఉత్తరకుమారుడు బృహన్నలను సారథిగా గొని యుద్ధమునకు బయలుదేరెను. అప్పుడు అతని చెల్లెలు ఉత్తర, తన బొమ్మలకు కట్టుటకై కురువీరుల రంగుబట్టలు తెచ్చి యిమ్మని కోరెను. సమ్మోహనాస్త్రముచే శత్రువీరులు మైమరచి యున్నప్పుడు అర్జునుడు ఆ కోరికను మరువలేదు. ద్రోణ కృపుల తెల్లని వస్త్రములను, కర్ణుని పసుపుపచ్చని వస్త్రమును, అశ్వత్థామ దుర్యోధనుల నీలివస్త్రములను తీసికొని రమ్మని ఉత్తరుని పంపెను. ఏ రంగు ఎవరిదో ఆయన యెరుగును. ఎరిగినవాడు లేనిచో అవి బొమ్మలకు చుట్టు పేలికలు మాత్రమే.

ఈనాటి సైనికులకును అట్టి రంగుగుడ్డలు కలవు. పతకములను ఉత్సవదినములందే ధరింతురు. తక్కిన దినములలో ఆయా పతకముల నాడాముక్కలను వరుసగా చుట్టిన సన్నని పట్టీని ఎడమరొమ్ముపై తగిలించుకొందురు. దీనినే రిబ్బను పట్టీ యందురు. జర్మనీదేశపు పట్టీలను, వానిని ధరించిన వృద్ధసైనికుల ఛాయాపటములను సేకరించువారు పెక్కు దేశములలో కలరు. 1813లో ప్రష్యారాజు నెలకొల్పిన ఇనుపసిలువకు రెండు తీరుల నాడాలుండెను. పోరాడినవానికి తెల్లచారల నల్లనాడా, పోరాడక సేవచేసినవానికి నల్లచారల తెల్లనాడా. ప్రష్యా, బవేరియా, సాక్సనీ రాజ్యములు వేర్వేరు పతకములిచ్చుటచే, పట్టీని బట్టి మనిషి ఏ సీమవాడో ఊహింపవచ్చును. మొదటి ప్రపంచయుద్ధపు జ్ఞాపకముగా 1934లో ఇచ్చిన సిలువలలో వితంతువులకును, కొడుకును కోల్పోయిన తలిదండ్రులకును ఇచ్చినవి నల్లపూత పూసినవి. హిట్లరు కాలపు పతకములను స్వస్తిక చిహ్నముతో ధరింపరాదని 1957లో పశ్చిమజర్మనీ శాసనము చేసెను. సేకరణము వేరు, ఆరాధనము వేరు. ఈ భేదమెరుగనివాడు ఈ పనికి పూనుకొనరాదు.

ఇది దూరదేశపు వ్యాపకమని తోచవచ్చును. కాని కేసముద్రము 1948 వరకు హైదరాబాదు సంస్థానములోనిది. ఆ సంస్థానపు లాన్సర్ల ఆశ్వికదళము 1914లో ఈజిప్టునకు పోయి సూయజుకాలువను కాచినది. 1918లో పాలస్తీనాలో పనిచేసినది. 1922లో ఢిల్లీలో నెలకొల్పిన తీన్‌మూర్తి స్మారకమందలి మూడు విగ్రహములు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు లాన్సర్లకు గుర్తులు. రెండవ యుద్ధమున, 1941 డిసెంబరులో జపానువారు మలయాలోని కోటాబారువద్ద దిగినప్పుడు అక్కడి విమానాశ్రయమును కాచినవారు హైదరాబాదు సంస్థానపు పదాతులే. అదే యుద్ధకాలమున హైదరాబాదు వాడగు ఆబిద్ హసను జర్మనీలో సుభాసుచంద్రబోసుకు సహచరుడై, 1943లో ఆయనతో జలాంతర్గామిలో తూర్పునకు ప్రయాణము చేసెను. ఒకే సంస్థానపు బిడ్డలు రెండు పక్షములందును ఉండిరి.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. పందొమ్మిదవ హైదరాబాదు రెజిమెంటు అనునది సంస్థానసైన్యము కాదు. బ్రిటిషు ఇండియా సైన్యములోనిది. అందు కుమావూనీలు, జాట్లు, అహీరులు హెచ్చు. 1945లో దాని పేరు కుమావూను రెజిమెంటుగా మారినది. పేరును మాత్రమే చూచి ఒకరి పద్దును మరియొకరి ఖాతాలో వ్రాయరాదు.

మొదటి యుద్ధకాలపు పట్టీలో తరచు మూడు నాడాలుండును. ఎరుపు, తెలుపు, నీలము ఒకదానిలో నొకటి కరిగినట్లుండునది 1914-15 నక్షత్రమునకు. నడుమ నారింజ, ఇరుప్రక్కల తెలుపు, నలుపు, నీలము గలది బ్రిటిషు యుద్ధపతకమునకు. రెండు ఇంద్రధనుస్సులు చేరినట్లుండునది విజయపతకమునకు. పాత పటములలో ఈ రంగులను గుర్తించుట సులభము కాదు. నాటి గాజుపలకలు చాలవరకు ఎరుపును గ్రహింపలేవు. అందుచే ఎరుపు నల్లగాను, నీలము వెలవెలబోయియు కనబడును. కనుక ఛాయను గాక వరుసను చూడవలెను. పెద్ద గౌరవము రొమ్ము నడిమికి దగ్గరగా, అనగా చూచువారి ఎడమవైపున ఉండును. పట్టీ కుడిరొమ్ముపై కనబడి, చొక్కా గుండీలును తారుమారైనచో పటమును త్రిప్పి అచ్చువేసిరని తెలియవలెను. నకిలీలను పట్టుటకు అతినీలలోహిత దీపము ఉపకరించును. ఈ కాలపు కృత్రిమదారము ఆ వెలుగులో తరచు తళుక్కుమనును, పాత నూలు సాధారణముగా అట్లు మెరయదు.

పతకము అంచుమీదనో వెనుకనో సిపాయి నంబరు, పేరు, దళము చెక్కబడియుండును. పట్టీమీద ఏ పేరును ఉండదు. బ్రిటిషు యుద్ధపతకము మేలివెండితో చేసినది. కూలిదళములవారికి మాత్రము కంచుది ఇచ్చిరి. వెండి గనుకనే అట్టివి ఎన్నో మూసలో కరగిపోయినవి. పేరున్న పతకము అట్లు పోగా, పేరులేని పట్టీయు గోడమీది పటమును మిగులును. ఆ పటములోనివాడు ఫలానా యని చెప్పగల ముసలమ్మ కన్నుమూసిన నాడు, అది పట్టాదారు పేరులేని పహాణీ వంటిదగును. భూమి యున్నది, హక్కుదారు లేడు.

నిజాము కొలువుచేసినవాని పటమనియో, తెల్లదొరల పతకమనియో దానిని పెట్టె అడుగున దాచుటలో అర్థము లేదు. ఎవరి ఉప్పు తిని ఎవరికొరకు పోరాడెనో చరిత్ర విచారించును. విచారణకు ముందు మనిషి పేరు కావలెను గదా!

ఈ పనికి గ్రంథాలయమును మించిన చోటు లేదు. వస్తువులను ఇంటివారివద్దనే యుండనిచ్చి, పటమునకు ముందువెనుకల ప్రతిబింబములు తీసికొనవలెను. వెనుకనున్న వ్రాతను, స్టూడియో ముద్రను తుడువరాదు. పతకమును చింతపండుతో తోమరాదు. పటములోనివాని పేరు, ఊరు, దళము, ఆ సంగతి చెప్పినవారి పేరు, చెప్పిన తేది ఒక దస్తరములో వ్రాసి, తెలియనిచోట ఖాళీ విడువవలెను, ఊహతో నింపరాదు. పాతికేండ్లుగా అచ్చుపుస్తకములను కాపాడిన గ్రంథాలయము ఇక అచ్చుకాని ఈ పుటలనుగూడ కాపాడవలెను. ఇందుకు కావలసినది ధనము కాదు. ఒక దస్తరము, ఒక కలము, ఇల్లిల్లు తిరుగు ఓపిక. పేరు చెప్పగల వృద్ధులు మన నడుమ నుండగానే ఆ దస్తరము తెరువవలెను.